చావుబతుకుల లింకు: రెండు డేటా సెంటర్ల మధ్య ప్యాకెట్లు ఎక్కడ పోతాయి?

2021 ఫిబ్రవరి 24, బుధవారం. ఉదయం 11.40కి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది మధ్యాహ్నం 3.45కి. ఆ రోజుకి మార్కెట్‌ను సాయంత్రం 5 దాకా నడిపారు. తర్వాత ఎక్స్ఛేంజ్ ఇచ్చిన వివరణ చదివితే మా వృత్తిలో ఉన్నవాళ్లకి గుండె జారుతుంది. హ్యాకర్లు రాలేదు, సర్వర్లు కాలిపోలేదు. ముంబయిలోని ప్రధాన డేటా సెంటర్‌కీ, దానికి దగ్గర్లోనే ఉన్న జంట కేంద్రానికీ మధ్య టెలికాం లింకులు నిలకడ తప్పాయి, అంతే. ఆ లింకులు ఒక్క కంపెనీవి కూడా కావు, ఇద్దరు ప్రొవైడర్ల నుంచి తీసుకున్నవి. ఆ ఊగిసలాట వెళ్లి, సర్వర్లనీ డిస్కులనీ కలిపే స్టోరేజి నెట్‌వర్క్‌కి తగిలింది. దాంతో క్లియరింగ్ సంస్థ రిస్క్ మేనేజ్‌మెంట్ వ్యవస్థ అందుబాటులో లేకుండా పోయింది. అది లేకుండా ట్రేడింగ్ నడపలేరు కాబట్టి ఆపేశారు. రెండు కేంద్రాల మధ్య రోడ్డు మీద తవ్వకాలూ నిర్మాణపు పనులూ జరుగుతున్నాయని టెలికాం కంపెనీలు చెప్పాయి.

లింకు పూర్తిగా తెగితే గొడవ లేదు. అలారం మోగుతుంది, రెండో దారి అందుకుంటుంది. చావకుండా, సరిగ్గా బతకకుండా కొట్టుమిట్టాడే లింకుతోనే చిక్కంతా. మానిటర్ మీద ఆకుపచ్చగానే కనిపిస్తుంది. డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది కదా, పదివేలలో ఒకటి మింగుతుంది. వెబ్‌సైటు చూసేవాడికి అది తెలియను కూడా తెలియదు. స్టోరేజికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకో ముందు చూద్దాం, ఎక్కడ వెతకాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

స్టోరేజికి ఇంత సున్నితం ఎందుకు

రెండు కేంద్రాల్లోనూ ఒకే డేటా ఉంచే సింక్రనస్ రెప్లికేషన్ అంటే, డేటాబేస్ రాసిన ప్రతి ముక్కా అవతలి కేంద్రంలో కూడా పడ్డాకే "రాశాను" అని జవాబొస్తుంది. అప్పటిదాకా రాసినవాడు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకి 5 మైక్రోసెకండ్లు పడుతుంది, రానూపోనూ 10. వంద కిలోమీటర్లయితే ఒక మిల్లీసెకండ్. హైదరాబాద్ నుంచి విజయవాడకి రోడ్డు వెంబడి దాదాపు 275 కిలోమీటర్లు. ఫైబర్ కూడా అంతే దూరం వెళ్లిందనుకున్నా ప్రతి రాతకీ సుమారు 2.75 మిల్లీసెకండ్లు ప్రయాణానికే పోతాయి. అంతా సజావుగా ఉన్న రోజు లెక్క ఇది. మధ్యలో ఒక్క ప్యాకెట్ పోతే ఏమవుతుందన్నది కింద నడుస్తున్న ప్రోటోకాల్‌ని బట్టి ఉంటుంది. ఇవి రెండు రకాలు, స్వభావాలు పూర్తిగా వేరు.

మొదటిది టీసీపీ, ఇంటర్నెట్‌లోనూ డేటా క్షేమంగా చేరేలా చూసే ప్రోటోకాల్. ఐస్కసీ (మామూలు నెట్‌వర్క్ మీద పంపే డిస్కు ఆదేశాలు), అర్రేల (డిస్కుల పెట్టెల) మధ్య నడిచే చాలా రెప్లికేషన్లు, ఐపీ మీద మోసే ఫైబర్ ఛానల్ దీని మీదే ఆధారపడతాయి. పోయిన ప్యాకెట్‌ని టీసీపీ మళ్లీ పంపుతుంది. కానీ పోయిందంటే దారి రద్దీగా ఉందని అనుకుని వేగం తగ్గించేస్తుంది. ఎంత తగ్గిస్తుందో 1997లో మాథిస్, ఆయన సహచరులు ఒక చిన్న సూత్రంలో చెప్పారు: వేగం ప్యాకెట్ సైజుకి అనులోమం, రానూపోను సమయానికి విలోమం, నష్టం రేటు వర్గమూలానికి విలోమం. అంకెలు పెట్టి చూడండి. ఫైబర్ దారి 1000 కిలోమీటర్లు, అంటే 10 మిల్లీసెకండ్లు. మామూలు 1500 బైట్ల ప్యాకెట్లు. నష్టం 0.01 శాతం, పదివేలకి ఒకటి. ఒక్కో కనెక్షన్‌కి దక్కేది సుమారు 140 మెగాబిట్లు! లింకు 10 గిగాబిట్లదైనా, 100 గిగాబిట్లదైనా అంతే. నష్టాన్ని పది లక్షలకి ఒకటికి దించితే 1.4 గిగాబిట్లు వస్తుంది. ఆ సూత్రం పాతకాలపు టీసీపీని చూసి రాసింది. ఇప్పటి లినక్స్‌లో ఉండే క్యూబిక్ పద్ధతి కొంత నయం. కానీ జబ్బు తీరు అదే.

నష్టం అసలు లేకపోయినా ఇదే లక్షణం రావచ్చని కూడా ఇక్కడే చెప్పాలి. 10 గిగాబిట్లు, 10 మిల్లీసెకండ్లు ఉన్న దారిని నిండా వాడాలంటే ఏ క్షణమైనా 12.5 మెగాబైట్లు దారిలో ఉండాలి. ఏదో ఒక పాత పరికరం విండోని (జవాబు రాకముందు పంపగలిగే డేటా హద్దుని) 64 కిలోబైట్ల దగ్గర ఆపేస్తే వచ్చేది 52 మెగాబిట్లే. అక్కడ పోయిన ప్యాకెట్ ఒక్కటీ ఉండదు, వెతికి లాభం లేదు.

రెండోది ఫైబర్ ఛానల్, స్టోరేజి కోసం చేసిన ప్రోటోకాల్. దీని పుట్టుకే వేరు: రద్దీ వల్ల ఫ్రేమ్ (ఇక్కడ ప్యాకెట్‌కి పేరు) పారేయడమన్నది దీని డిజైన్‌లోనే లేదు. మన గ్యాస్ సిలిండర్ల పద్ధతి. ఖాళీది చేతికొస్తేనే నిండుది కదులుతుంది. పంపేవాడి దగ్గర కొన్ని క్రెడిట్లు ఉంటాయి. ఫ్రేమ్ పంపినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. అవతల బఫర్ (ఫ్రేములు కాసేపు ఆగే చోటు) ఖాళీ అయ్యాక "సిద్ధం" అన్న సంకేతం వెనక్కి వస్తే ఒకటి పెరుగుతుంది. ఊరు దూరమైతే తిరుగుతూ ఉండాల్సిన సిలిండర్లు కూడా ఎక్కువ కావాలి కదా? 8 గిగాబిట్ల లింకులో, ఫ్రేములన్నీ పూర్తి సైజువైతే, కిలోమీటరుకి సుమారు 4 క్రెడిట్లు కావాలి. వంద కిలోమీటర్లకి 400. వేగం 16కి పెరిగితే అదీ రెట్టింపు. ఫ్రేములు చిన్నవైతే ఇంకా ఎక్కువ. ఇవి సరిపోకపోతే లింకు ఏదీ పారేయదు, ఊరికే ఆగి ఆగి నడుస్తుంది. యూజర్లు "ప్యాకెట్ లాస్" అని ఫిర్యాదు చేస్తారు, కౌంటర్లలో లాస్ సున్నా ఉంటుంది. అప్పుడు చూడాల్సింది క్రెడిట్లు ఎన్నిసార్లు సున్నాకి పడ్డాయో లెక్కపెట్టే కౌంటర్‌ని.

సిలిండర్ దారిలో లారీ మీంచి పడిపోతే? "సిద్ధం" సంకేతం దెబ్బతింటే ఆ క్రెడిట్ మళ్లీ రాదు. రోజుకొకటి చొప్పున కారిపోతూ ఉంటుంది. నెల తర్వాత లింకు నీరసిస్తుంది. ఎవరో పోర్టు రీసెట్ చేస్తారు, బాగవుతుంది, అందరూ మర్చిపోతారు. పోయిన క్రెడిట్లను లెక్కగట్టి తిరిగి కలిపే ఏర్పాటు ఇప్పటి స్విచ్చుల్లో ఉంది. రెండు వైపులా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

ఇక ఫ్రేమే దెబ్బతిని, సీఆర్‌సీ (ఫ్రేమ్ చెడిందో లేదో తేల్చే తనిఖీ అంకె) లెక్క తప్పి, పారేస్తే అసలు నరకం అక్కడే. డిస్కు ట్రాఫిక్ నడిచే తరగతిలో దాన్ని మళ్లీ పంపేవాడు ఎవడూ లేడు. పైన ఉన్న స్కసీ కమాండ్ (డిస్కుకిచ్చిన ఆదేశం) టైమౌట్ అయ్యేదాకా ఆగాలి. లినక్స్‌లో డిస్కులకి మామూలుగా ఉండే గడువు 30 సెకండ్లు. ఒక్క ఫ్రేమ్ పోయినందుకు డేటాబేస్‌లో ఒక రాత అర నిమిషం స్తంభించిపోతుంది. శాతాల్లో చూస్తే ఈ నష్టం కనిపించనంత చిన్నది.

కౌంటర్ ఎవరి మీద నేరం మోపుతోంది

డేటాబేస్ వాళ్లని అడిగితే స్టోరేజి స్లో అంటారు. స్టోరేజి వాళ్లు నెట్‌వర్క్ అంటారు. నెట్‌వర్క్ వాళ్లు టెలికాం అంటారు. టెలికాం వాళ్లు "మా వైపు క్లీన్ సార్" అని టికెట్ మూసేస్తారు. ఏడు చేపల కథే. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. అయితే ఆ కథలో చివరికి చీమ దొరుకుతుంది. మన కథలోనూ దొరుకుతుంది, ఒక్కో పోర్టునీ వరసగా అడుగుతూ వెళ్తే.

అడగాల్సిన మొదటి మాట: ప్యాకెట్ దెబ్బతిని పోయిందా, చోటు లేక పోయిందా? లోపలికొచ్చే వైపు సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే దెబ్బతింటున్నట్టు. ఫైబర్, కనెక్టర్, ఆప్టిక్ మాడ్యూల్ (కాంతిని పంపి, అందుకునే భాగం) దగ్గర వెతకాలి. బయటికెళ్లే వైపు డిస్కార్డ్‌లు పెరుగుతుంటే బఫర్ పొంగుతోంది, అది రద్దీ కథ. ఈ రెండింటినీ కలిపి "ఎర్రర్లు" అని ఒకే గ్రాఫ్‌లో చూపించే డ్యాష్‌బోర్డులు ఉన్నాయి. వాటిని చూసి గంటలు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

సీఆర్‌సీ కౌంటర్ విషయంలో రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, ఆ కౌంటర్ బాధితుడి దగ్గర పెరుగుతుంది. తప్పు అవతలి చివర పంపేవాడిదో, మధ్యలో ఫైబర్‌దో కావచ్చు. ఎర్రర్లు చూపిస్తున్న పోర్టులోని మాడ్యూల్ మార్చేసి "పని అయిపోయింది" అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. రెండోది ఇంకా మోసకారి. డేటా సెంటర్ స్విచ్చులు చాలావరకు కట్-త్రూ పద్ధతిలో నడుస్తాయి. ఫ్రేమ్ మొత్తం రాకముందే తల చూసి అవతలికి తోసేస్తాయి. సీఆర్‌సీ ఉండేది తోకలో. తోక వచ్చేసరికి తల ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అందుకే చెడిన ఫ్రేమ్ ఒక స్విచ్చు నుంచి ఇంకో స్విచ్చుకి ప్రయాణం చేస్తూ, దారిలో ప్రతి పోర్టు మీదా ఒక మచ్చ వేసుకుంటూ పోతుంది. దొంగతనం ఒక ఊళ్లో, కేసులు పది ఊళ్లలో. కొన్ని స్విచ్చులు "ఇది నా దగ్గరికే చెడిపోయి వచ్చింది" అని ముద్ర కొట్టి పంపుతాయి, దాన్ని వేరే కౌంటర్‌లో లెక్కపెడతాయి. ఆ ముద్ర లేకుండా చెడిన ఫ్రేములు మొదట కనిపించిన పోర్టు ఏదో పట్టుకోవాలి. పాడైన లింకు దాని వెనకాల ఉన్నదే.

ఆ లింకు దగ్గరికి చేరాక, చీమ చాలాసార్లు దుమ్ము రేణువే. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే గర్భం వెడల్పు 9 మైక్రాన్లు, తల వెంట్రుకలో ఎన్నో వంతు. దాని మీద వేలిముద్ర జిడ్డు పడితే చాలు. కాబట్టి మాడ్యూల్ మార్చే ముందు కనెక్టర్ తీసి, మైక్రోస్కోప్‌లో చూసి, తుడిచి, మళ్లీ చూసి పెట్టాలి. రెండు చివరలా. కొత్తగా సంచి విప్పిన ప్యాచ్ కార్డ్ కూడా శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

తర్వాత వచ్చే కాంతి బలం. 10 గిగాబిట్ల లాంగ్ రీచ్ మాడ్యూల్ మైనస్ 14.4 డీబీఎం (కాంతి బలానికి కొలత) దాకా వినగలదు. మీటర్ మైనస్ 14 చూపిస్తుంటే "పరిధిలోనే ఉందిగా" అంటారు. ఉంది, అంచు మీద ఉంది. ఎండకి ఒక డీబీ అటూ ఇటూ అయితే పడిపోతుంది. కాంతి ఎక్కువైనా ప్రమాదమే. 80 కిలోమీటర్లకి చేసిన మాడ్యూల్‌ని అటెన్యుయేటర్ లేకుండా దగ్గరి దూరానికి వాడితే రిసీవర్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఫైబర్ ఎక్కడైనా బాగా వంగి నలిగితే, 1310 నానోమీటర్ల దగ్గర బాగానే ఉండి 1550 దగ్గర నష్టం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లో నష్టం ఎక్కడుందో చూపే పరికరం) రెండు తరంగాల మీదా కొలవమని అడిగేది అందుకే.

100 గిగాబిట్ల లింకుల్లో ఎక్కువవాటికి ఎఫ్‌ఈసీ ఉంటుంది, దారిలో పాడైన బిట్లను అదే సరిచేస్తుంది. దీంతో మంచీ ఉంది, చెడూ ఉంది. జబ్బు ముదిరేదాకా లక్షణం బయటపడదు. సరిచేసిన కోడ్‌వర్డుల (బిట్ల గుంపుల) లెక్క వారం వారం పెరుగుతుంటే, సరిచేయలేనివి ఇంకా సున్నా అయినా, లింకు జారుతోందని అర్థం. ప్యాకెట్ పోకముందే తెలిసే సూచిక ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు. దాన్ని గ్రాఫ్ వేసేవాళ్లు తక్కువ.

సగటు చెప్పే అబద్ధం

దెబ్బతినడం లేదు, చోటు లేకే పోతున్నాయని తేలితే రెండో కథ మొదలు. ఐదు నిమిషాల సగటు గ్రాఫ్ 30 శాతం చూపిస్తుంది. "లింకు ఖాళీగా ఉంది కదా, డ్రాప్స్ ఎలా వస్తాయి?" అని మీటింగ్‌లో ఒకరు తప్పకుండా అడుగుతారు. రెండు పోర్టుల నుంచి 10 గిగాబిట్ల చొప్పున వచ్చి ఒకే 10 గిగాబిట్ల పోర్టులోకి దిగాలంటే, మిగులు మిల్లీసెకండ్‌కి 1.25 మెగాబైట్లు. ఆ పోర్టుకి దక్కిన బఫర్ ఒక మెగాబైట్ అయితే 0.8 మిల్లీసెకండ్‌లో నిండిపోతుంది. ఐదు నిమిషాల్లో ఇలాంటివి వంద జరిగినా సగటులో ఆనవాలు దొరకదు. అవతల పడేదాకా ఆగని అసింక్రనస్ రెప్లికేషన్ ఇందులో మహా ఘనుడు: ఇంతసేపటికోసారి నిద్ర లేచి, పోగైన మార్పులన్నీ ఒక్క పెట్టున తోస్తుంది.

ప్రొవైడర్ దగ్గర ఇదే కథకి ఇంకో రూపముంది. చేతికిచ్చిన పోర్టు 10 గిగాబిట్లది, కొన్నది 2 గిగాబిట్లు. వాళ్ల పొలీసర్ ఆ హద్దు దాటిన ప్యాకెట్‌ని క్యూలో పెట్టదు, అక్కడే నరికేస్తుంది. మీ స్విచ్చులో ఒక్క డ్రాప్ కనిపించదు. ప్రొవైడర్‌కీ అది లోపంలా కనిపించదు, ఒప్పందం ప్రకారమే కదా. మందు మీ చేతిలోనే ఉంది: మీ అంచు రూటర్‌లో కొన్న వేగానికి కొంచెం తక్కువగా షేపింగ్ పెట్టి, ఆగాల్సినవి మీ దగ్గరే ఆగేలా చేయండి.

నలుగురిలో ఒకడు

కొన్నేళ్ల కిందట నేను కూర్చున్న ఒక వార్ రూమ్ ముచ్చట. ఎనిమిది రెప్లికేషన్ సెషన్లలో ఆరు పరుగెడుతున్నాయి, రెండు పాకుతున్నాయి. పింగ్ (చిన్న పరీక్ష ప్యాకెట్ పంపి జవాబు చూడటం) నిష్కళంకం. సాఫ్ట్‌వేర్‌ని రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి అన్నీ బాగవుతున్నాయి, ఒక్కోసారి మూడు చెడుతున్నాయి. రీస్టార్ట్‌తో బాగవుతోంది కాబట్టి సాఫ్ట్‌వేర్ బగ్ అని తేల్చేశారు. మూడు వారాలు ఆ వెండర్‌తో కాల్స్ మీద కాల్స్. రాత్రి డ్యూటీ కుర్రాడికి రీస్టార్ట్ చేయడం సంధ్యావందనంలా అలవాటైపోయింది.

అసలు సంగతి: రెండు కేంద్రాల మధ్య నాలుగు 10 గిగాబిట్ల లింకుల్ని కట్టగా కట్టారు. ఏ కనెక్షన్ ఏ లింకు మీద పోవాలో అడ్రసులూ పోర్టు నంబర్లూ (కనెక్షన్‌కి ఇచ్చే అంకెలు, స్విచ్చు మీది పోర్టులు కావు) కలిపి తీసిన హ్యాష్ అనే లెక్క నిర్ణయిస్తుంది. నాలుగింట్లో ఒకదానికి సీఆర్‌సీ ఎర్రర్లు. రీస్టార్ట్ చేసినప్పుడల్లా సోర్స్ పోర్టు మారి, పాచికలు మళ్లీ పడుతున్నాయి. పింగ్‌కి పోర్టులే ఉండవు. ఆ రెండు అడ్రసుల మధ్య అది ఎప్పుడూ ఒకే లింకు మీద పోతుంది, అది మంచి లింకు. కట్ట మొత్తం మీద చూసిన ఎర్రర్ల శాతం నలుగురి మధ్య పంచుకుపోయి చిన్నగా కనిపించింది. వేలల్లో కనెక్షన్లుండే వెబ్ ట్రాఫిక్‌లో అయితే ఇది పావు వంతు మందికి కొంచెం నెమ్మదిగా అనిపించి ఊరుకునేది. స్టోరేజిలో కనెక్షన్లు పట్టుమని పదుండవు, ఉన్నవన్నీ లావువి.

అందుకే పరీక్ష చేసేటప్పుడు సోర్స్ పోర్టు ఒక్కొక్కటే మారుస్తూ ఐపెర్ఫ్ (వేగం, నష్టం కొలిచే సాధనం) నడపండి. ఏ పోర్టులకి నష్టం వస్తోందో వరసగా రాసుకుంటే నాలుగింట ఒకటి అన్న లెక్క తనంతట తనే బయటపడుతుంది. కట్టలో ప్రతి లింకు కౌంటర్‌నీ విడివిడిగా చూడండి. అలాగే ట్రేస్‌రూట్‌లో (దారిలోని రూటర్లను వరసగా చూపే పరీక్షలో) మధ్య రూటర్ దగ్గర 40 శాతం నష్టం కనిపించి, చివరి గమ్యంలో సున్నా ఉంటే కంగారు పడొద్దు. ఆ రూటర్ మీ పరీక్ష ప్యాకెట్లకి జవాబివ్వడానికి బద్ధకిస్తోందంతే, ట్రాఫిక్‌ని బాగానే మోస్తోంది. నష్టం ఒక మజిలీలో మొదలై చివరిదాకా కొనసాగితేనే నమ్మాలి.

ప్యాకెట్ సైజు సంగతి రెండు ముక్కల్లో. స్టోరేజికి 9000 బైట్ల జంబో ఫ్రేములు పెట్టి, దారిలో ఒక్కచోట 1500 వదిలేస్తే, లాగిన్ అవుతుంది, చిన్న కమాండ్లు నడుస్తాయి, పెద్ద రాత దగ్గర కొయ్యబారిపోతుంది. ముక్కలు చేయొద్దన్న గుర్తుతో 8972 బైట్ల పింగ్ పంపితే నిమిషంలో తేలిపోతుంది. మధ్యలో ఎన్‌క్రిప్షనో, వీఎక్స్‌ల్యానో (ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పంపే పద్ధతి) ఉంటే వాటి తలల బరువు కూడా కలపాలి. వీఎక్స్‌ల్యాన్ ఒక్కటే 50 బైట్లు.

ఇవేవీ తేల్చకపోతే రెండు చివరలా ఒకేసారి ప్యాకెట్లు పట్టుకోవడమే గతి. ఇటు బయల్దేరి అటు చేరని సీక్వెన్స్ నంబర్లు వెతకండి. ఏ దిశలో పోతున్నాయో తేలితే సగం పని అయినట్టే, ఎందుకంటే పంపే ఫైబర్ వేరు, అందుకునే ఫైబర్ వేరు. అంత దూరం వెళ్లకుండానే పసిగట్టే చిట్కా ఒకటి మైక్రోసాఫ్ట్ వాళ్లు 2015లో పింగ్‌మెష్ అనే తమ వ్యవస్థ గురించి రాసిన పత్రంలో ఉంది. కనెక్షన్ తెరిచే మొదటి ప్యాకెట్ పోతే వాళ్ల సర్వర్లు 3 సెకండ్లాగి మళ్లీ పంపుతాయి. కాబట్టి కనెక్షన్ సమయాల్లో 3 సెకండ్ల దగ్గర ఒక గుంపు కనిపిస్తే అవి ఆలస్యాలు కావు, నష్టాలు. మీ సర్వర్లలో ఆ గడువు ఎంతుందో చూసుకుని అదే పని చేయొచ్చు.

వెతుకుతున్నంతసేపూ

లోపం దొరికేదాకా ఉత్పత్తి ఆగదు కదా. నా మట్టుకు నేను అనుమానమున్న లింకుని వెంటనే చేత్తో కిందకి దించేస్తాను. నాలుగింట్లో మూడు ఆరోగ్యంగా ఉంటే మూడింటి మీదే నడవనీ. ఎర్రర్లు ఇన్ని దాటితే పోర్టు తనంతట తనే మూసుకునే ఏర్పాటు ఫైబర్ ఛానల్ స్విచ్చుల్లోనూ ఉంది. దాన్ని ఆన్ చేయడానికి జనం భయపడతారు.

ఒక దారిని తీసేయడం వేరు, కేంద్రాన్నే మార్చేయడం వేరు. 2018 అక్టోబర్ 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో, పాడవుతున్న 100 గిగాబిట్ల ఆప్టికల్ పరికరాన్ని మారుస్తుండగా, అమెరికా తూర్పు తీరంలో వాళ్ల నెట్‌వర్క్ హబ్‌కీ ప్రధాన డేటా సెంటర్‌కీ మధ్య 43 సెకండ్లు సంబంధం తెగింది. ఆ కాసేపట్లోనే ఆటోమేటిక్ వ్యవస్థ డేటాబేస్ పెత్తనాన్ని పశ్చిమ తీరానికి అప్పగించేసింది. రెండు తీరాల్లోనూ అవతలివాళ్లకి చేరని రాతలు మిగిలాయి. సేవలు పూర్తిగా కుదుటపడేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. లింకు విషయంలో తొందర మంచిదే, పెత్తనం మార్చే విషయంలో కాదు.

ప్రొవైడర్‌తో మాట్లాడేటప్పుడు ఇంకో రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి. ఫైబర్ అసలు ఏ రోడ్ల వెంట పోతోందో మ్యాపు: కంపెనీలు రెండైనా కందకం ఒకటే అయితే జేసీబీకి తేడా తెలియదు. రెండోది, వాళ్ల వైపు రక్షణ దారి పొడవు. మామూలు దారి 60 కిలోమీటర్లు, రక్షణ దారి 140 అయితే, 50 మిల్లీసెకండ్లలో దారి మారిపోతుంది, ఎవరికీ అలారం రాదు. కానీ 60 కిలోమీటర్లకి లెక్కకట్టి పెట్టుకున్న మీ ఫైబర్ ఛానల్ క్రెడిట్లు ఆ క్షణం నుంచి చాలవు.

కనెక్టర్ తుడిచారు, మాడ్యూల్ మార్చారు, కౌంటర్లు సున్నా చేశారు అనుకుందాం. ఎవరో వెయ్యి పింగ్‌లు పంపి, ఒక్కటీ పోలేదని టికెట్ మూసేయబోతారు. వెయ్యిలో సున్నా పోతే గణాంక శాస్త్రం ఒప్పుకునేది, నష్టం బహుశా 0.3 శాతం లోపే ఉందని మాత్రమే. మన 10 మిల్లీసెకండ్ల దారిలో 0.3 శాతం నష్టమంటే ఒక కనెక్షన్‌కి దక్కేది పాతిక మెగాబిట్లు. పది లక్షలకి ఒకటి కంటే తక్కువని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కటీ పోకుండా 30 లక్షల ప్యాకెట్లు దాటాలి. సెకండ్‌కి ఒక పింగ్ చొప్పున అది 35 రోజుల పని. 9000 బైట్ల ప్యాకెట్లతో 10 గిగాబిట్ల లింకుని నిండా నింపితే 22 సెకండ్లు చాలు. ఆ 22 సెకండ్లూ తెల్లవారుజామున మూడింటికి ఒకసారి, ఎండ మండుతున్న మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రెండు దిశల్లోనూ, కట్టలోని ప్రతి లింకు మీదా.